ప్లానులో పచ్చరంగు, నేల మీద మూలముక్క

సంపాదకులు గారికి నమస్కారాలు.

నెల్లూరు శివారు కాలనీల్లో పార్కులు లేవని, ఉన్నవి కంపచెట్లతో నిండిపోయాయని మీ జిల్లా పేజీల్లో తరచూ ఫిర్యాదులు చదువుతుంటాను. ఫలానా చోట కొత్త పార్కు వస్తుందని, ఫలానా చోట ఓపెన్ జిమ్ పెడతారని హామీలు కూడా ఆ పేజీల్లోనే కనిపిస్తుంటాయి. అయితే ఆ పార్కు స్థలం కాలనీలో ఏ మూలన పడింది, అక్కడికి ఒక ముసలి మనిషి గానీ ఒక చిన్నపిల్ల గానీ నడిచి ఎలా చేరుకోవాలి అన్న ప్రశ్న ఫిర్యాదుల్లోనూ లేదు, హామీల్లోనూ లేదు. ఈ ప్రశ్న వేయడానికి నాకు కొంత అర్హత ఉంది. అర్హత కంటే బాధ్యత ఎక్కువ ఉందని ఒప్పుకోవడమే న్యాయం. 1983 నుంచి 2014 దాకా, 31 ఏళ్లు, ఒక ప్రైవేటు సర్వేయరు దగ్గర డ్రాఫ్ట్స్‌మన్‌గా లేఅవుట్ ప్లానులు గీసి బతికినవాణ్ని నేను.

ఆ పని తెలియనివారి కోసం నాలుగు మాటలు చెబుతాను. పొలంలో చైను లాగి కొలతలు తెచ్చిన తరువాత, ట్రేసింగ్ షీటు మీద రోట్రింగ్ పెన్నుతో హద్దులు, రోడ్లు, ప్లాట్లు గీసి, అమ్మోనియా ఆవిరితో నకళ్లు, అంటే అమ్మోనియా ప్రింట్లు తీసి, చివర రంగులు పూసేవాళ్లం. ఖాళీ స్థలానికి పూసేది పచ్చరంగు. లేఅవుట్ వేసే భూమిలో పదో వంతు ప్రజల అవసరాలకు ఖాళీగా విడిచిపెట్టి, దాన్ని ఉచితంగా స్థానిక సంస్థ పేరిట రాసి ఇవ్వాలన్నది నిబంధన. అయిదు ఎకరాల వెంచరంటే 24,200 గజాలు. అందులో పదో వంతు 2,420 గజాలు, అంటే అర ఎకరం. ప్లాట్లు, రోడ్లు అన్నీ అమరిన తరువాత ఎక్కడ అమ్మకానికి పనికిరాని ముక్క మిగిలిందో వెతికి, ఆ ముక్కలన్నీ కలిపి అర ఎకరం అయ్యేట్టు చూసుకోవడం మా పనిలో నేర్పరితనంగా చలామణి అయ్యేది. మా యజమాని నా భుజం మీదుగా షీటులోకి వంగి, “ఆ మూల ఎవురూ కొనరు అబ్బయా, దానికి పచ్చరంగు కొట్టు” అనేవాడు. నేను కొట్టేవాణ్ని.

ఒక ప్లాను నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. అందులో ఖాళీ స్థలం ఒక త్రికోణం. దాని అడుగు 121 అడుగులు, ఎత్తు 360 అడుగులు. రెండూ హెచ్చించి సగం చేస్తే 21,780 చదరపు అడుగులు, అంటే 2,420 గజాలు వస్తుంది. లెక్క ఒక్క గజం తేడా లేకుండా సరిపోయింది. అదే అర ఎకరాన్ని చతురస్రంగా విడిచి ఉంటే ఒక్కో వైపు దాదాపు 148 అడుగులు వచ్చేది. అందులో పిల్లలు బంతాట ఆడుకునేవారు, పెద్దలు చుట్టూ తిరిగేవారు. త్రికోణంలో మొన వైపు మూడో వంతు పొడవు ఎందుకూ కొరగాదు. అక్కడ మనుషులు నడవరు, చెత్త పడుతుంది. చట్టం అడిగిన వైశాల్యం ఇచ్చాం, అది మనుషులకు పనికొచ్చే ఆకారంలో మాత్రం ఇవ్వలేదు.

త్రికోణాలు ఒక్కటే కాదు. హైటెన్షన్ తీగల కింది పట్టీ, వర్షాకాలంలో వాగు పారే పల్లం, శ్మశానం గోడ పక్క, పొలం గట్టు వంకర తిరిగినచోట మిగిలిన సందు, ఇలాంటివే ఎక్కువగా పచ్చరంగుకు నోచుకునేవి. తూర్పు ముఖం ప్లాటును, కార్నరు బిట్టును పార్కుకు విడిచిన వెంచరు నా అనుభవంలో ఒక్కటీ లేదు. అంకణం (మా వైపు ఇళ్ల స్థలాల కొలత) లెక్కన ధర పలికే చోట ఎవరైనా పార్కు ఎందుకు పెడతారని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. అయితే నలభై అడుగుల రోడ్డు మీద, కాలనీ నడుమ పార్కు ఉంటే చుట్టూ ఉన్న ఇరవై ప్లాట్ల ధర పెరుగుతుందన్న సంగతి ఆ వ్యాపారం చేసేవారికి తెలియనిది కాదు. లాభం వెంటనే చేతికి రాదు కాబట్టి ఆ జోలికి పోరు, అంతే.

దీనికంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. పొదలకూరు రోడ్డు వైపు గానీ, వేదాయపాళెం అవతల గానీ పక్కపక్కనే నాలుగైదు వెంచర్లు వేర్వేరు సంవత్సరాల్లో పడిన చోట్లున్నాయి. అలాంటి చోట ప్రతి వెంచరుకూ తన పదో వంతు తన వెనక మూలనే ఉంటుంది. ఒక్కొక్కటి అర ఎకరం చొప్పున అయిదు ముక్కలు అయిదు దిక్కుల్లో పడి ఉంటాయి. వాటిని ఉమ్మడి హద్దు దగ్గర చేర్చి గీసి ఉంటే రెండున్నర ఎకరాల మైదానం ఏర్పడేది. రెండో వెంచరు ప్లాను అనుమతికి వచ్చినప్పుడు మొదటి వెంచరు ప్లానును దాని పక్కన పరిచి చూస్తే చాలు, ఇది సాధ్యమయ్యేది. నేను పనిచేసిన కాలంలో అలా ఎవరూ అడగలేదు, మాకై మేము చెప్పనూ లేదు. ఇప్పుడు ప్లానులన్నీ ఆన్‌లైన్లో దాఖలవుతున్నాయి కాబట్టి కాగితాలు పరచవలసిన శ్రమ కూడా లేదు. ఇకముందు పడే వెంచర్లకైనా ఈ పద్ధతి పెట్టాలని నా మొదటి మనవి.

ఇక ఇప్పటికే అనుమతి లేకుండా పడిన వెంచర్ల సంగతి. వాటిని క్రమబద్ధీకరించేటప్పుడు, ఖాళీ స్థలం విడవనందుకు బదులుగా ప్లాటు విలువలో కొంత శాతం రుసుము వసూలు చేస్తారు. ఆ డబ్బు కట్టింది ప్లాటు కొన్న మధ్యతరగతి మనిషి, పార్కు లేకుండా వెంచరు వేసి అమ్ముకుపోయినవాడు కాదు. కట్టిన డబ్బు తిరిగి ఆ కాలనీకే జానెడు నేలగా రావాలని కోరడంలో అత్యాశ ఏమీ లేదు. కానీ ఆ కాలనీలో కొనడానికి ఖాళీ ఉంటే కదా! అందుకే రుసుము తీసుకోవడం కంటే నేల తీసుకోవడమే ఎప్పుడూ మేలని నా అభిప్రాయం.

పార్కుకు విడిచిన స్థలాన్ని ఇంకొక పనికి మళ్లించకూడదన్న విషయంలో న్యాయస్థానాలు స్పష్టంగానే ఉన్నాయి. బెంగళూరులో పార్కు కోసం కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1991లోనే తీర్పు చెప్పింది. పార్కులు, తోటలు, ఆటస్థలాల ఏర్పాటు పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన పనుల్లో ఒకటిగా రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో రాసి ఉంది. వీధి దీపాలు, బస్ స్టాపులు, మరుగుదొడ్లు కూడా అదే షెడ్యూలులో ఉన్నాయి. కాబట్టి ఈ మనవిలో దయతలచి చేయవలసింది ఏమీ లేదు.

అయినా స్థలం దక్కినంత మాత్రాన పార్కు దక్కినట్టు కాదు. మా ఇంటి నుంచి మా కాలనీ పార్కుకు 640 అడుగులు కాదు, 640 మీటర్లు. నేను ఉత్త మాట చెప్పడం లేదు, మొన్న ఒక ఆదివారం పొద్దున్నే పాత స్టీలు టేపు బయటికి తీసి, మా మనవరాలు ఒక కొస పట్టుకోగా కొలిచాను. దారికి ఒక పక్కన మురుగు కాలువ, దాని మీద పరిచిన సిమెంటు బండలే మా ఫుట్‌పాత్. మొదటి నూరు మీటర్లలో బండ ఎత్తు రోడ్డు నుంచి 14 అంగుళాలు, అంటే 35 సెంటీమీటర్లు ఉంది. తరువాత ఒక ఇంటివారు కారు లోపలికి పోవడానికి ర్యాంపు కట్టుకున్నారు, అక్కడ బండ ఏటవాలుగా రోడ్డులోకి జారిపోతుంది. ర్యాంపు దాటగానే మళ్లీ 14 అంగుళాలు ఎక్కాలి. ఇలాంటి ర్యాంపులు 640 మీటర్లలో 23 లెక్క తేలాయి. అంటే ఇరవై మూడు సార్లు దిగి, ఇరవై మూడు సార్లు ఎక్కాలి. తిరుమల మెట్లెక్కే మొక్కు ఉన్నవారికి తప్ప ఇంకెవరికీ ఈ దారి రుచించదు. ఒక చోట రెండు బండలు లేనే లేవు, ఎవరో ఆ సందులో ఎండిన కొబ్బరిమట్ట గుచ్చి గుర్తు పెట్టారు. ట్రాన్స్‌ఫార్మరు గద్దె దగ్గర నడవడానికి మిగిలిన వెడల్పు 40 సెంటీమీటర్లు. మా మనవరాలు పక్కకు తిరిగి దూరి వెళ్లింది, నేను రోడ్డు మీదికి దిగాను.

పాదచారుల సౌకర్యాల గురించి, రోడ్ల నిర్మాణ ప్రమాణాలు రూపొందించే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో సవరించిన మార్గదర్శకాలు నివాస ప్రాంతాల్లో ఏ అడ్డంకీ లేని నడక వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని, ఫుట్‌పాత్ అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు మించరాదని చెప్పాయి. 1.8 మీటర్లంటే రెండు చక్రాల కుర్చీలు ఒకదాని పక్కగా ఒకటి పోగలిగినంత చోటు. 15 సెంటీమీటర్లంటే మోకాళ్లు అరిగిన మనిషి చేయి ఆసరా లేకుండా ఎక్కగలిగినంత ఎత్తు. మా ఇంటావిడ మోకాళ్ల నొప్పితో రెండేళ్లుగా ఆ బండలు ఎక్కడం మానేసి రోడ్డు అంచునే నడిచేది. కిందటి కార్తీకంలో వెనక నుంచి వచ్చిన మోటారు సైకిలు హ్యాండిలు తగిలి పడిపోయింది. మణికట్టు బెణికింది తప్ప ప్రమాదం జరగలేదు. ఆ కుర్రవాడు మంచివాడే, ఆగి ఆటో పిలిచాడు. “రోడ్డు మీద ఎందుకు నడుస్తున్నారు పెద్దమ్మా” అని మాత్రం అడిగాడు. ఆ ప్రశ్న ఎవరిని అడగాలో అతనికి తెలియదు, మాకూ తెలియదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసింది.

కాలనీ దారి ముగిశాక ఎనభై అడుగుల రోడ్డు దాటాలి. నడుమ డివైడరు ఉంది, దాటడానికి సందు నాలుగు వందల మీటర్ల దూరంలో ఉంది. జనం నడిచి అక్కడిదాకా పోరు, డివైడరు ఎక్కి దూకుతారు. ఎనభై అడుగులు దాటడానికి మామూలు మనిషికి ఇరవై సెకన్లు, నాలాంటివాడికి దాదాపు ముప్పై సెకన్లు పడుతుంది. జనం దూకుతున్న చోటనే ఒక సందు విడిచి, తెల్ల చారలు వేసి, వాహనాల వేగం తగ్గేలా రోడ్డును కొంచెం ఎత్తు చేస్తే సరిపోతుంది. జనం ఎక్కడ దాటుతారో వారి పాదాలే చెబుతున్నప్పుడు వారిని ఇంకెక్కడికో పొమ్మనడం దండగ. రైలు మార్గం రెండుగా చీల్చిన ఊరు మనది కనుక మాగుంట లేఅవుట్, రామలింగాపురం, ఆత్మకూరు బస్టాండు అండర్‌బ్రిడ్జిల దగ్గర వాన పడినప్పుడల్లా నడిచేవారు పడే అవస్థ అందరికీ తెలిసిందే, దాని గురించి మళ్లీ రాయనక్కరలేదు.

ఇన్ని దాటి చేరుకున్న పార్కు ఎలా ఉంది? నిజం చెప్పాలంటే మరీ చెడ్డగా లేదు. రంగులు వేసిన సిమెంటు జింకలు రెండు, వ్యాయామ పరికరాలు ఆరు, చుట్టూ నడకదారి ఉన్నాయి. కానీ ఉదయం తొమ్మిదికి గేటుకు తాళం వేసి సాయంత్రం నాలుగుకు తీస్తారు. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండ ఎలా ఉంటుందో మీ పాఠకులకు చెప్పనక్కరలేదు. ఆ మిట్టమధ్యాహ్నమే కదా, ఇళ్లు కట్టే మేస్త్రీలు, సిమెంటు మోసే ఆడవాళ్లు, పార్శిళ్లు ఇచ్చే కుర్రవాళ్లు పదినిమిషాలు నడుము వాల్చడానికి నీడ వెతుక్కునేది. గేటు బయట గోడ నీడన అరడుగు వెడల్పులో వారు కూర్చుని అన్నం తింటుంటే, లోపల బెంచీలు ఖాళీగా ఎండలో కాగుతుంటాయి. మరుగుదొడ్డి గది ఉంది, దానికీ తాళమే. అడిగితే పాడుచేస్తారని అంటారు. తాళం వేసిన మరుగుదొడ్డి పాడవకుండా ఉంటుందన్నది నిజమే, కానీ దానివల్ల ఉపయోగం ఏమిటో నాకు అర్థం కాలేదు. ఆడవారు నడకకు రావడం తగ్గించడానికి చీకటి ఎంత కారణమో ఈ తాళం కూడా అంత కారణమని మా వీధివారు చెబుతారు.

చెట్ల గురించి ఒక్క మాట. త్వరగా ఏపుగా పెరుగుతుందని కోనోకార్పస్ వరసలు నాటారు. అది కోటగోడలా నిలబడుతుంది తప్ప కింద మనిషి కూర్చునే నీడ ఇవ్వదు. కానుగ, వేప, నేరేడు నాటి మూడేళ్లు నీళ్లు పోస్తే తరువాత అవే బతుకుతాయి. ఆ మూడేళ్ల నీళ్లకు టెండరులో చోటు ఉండాలి.

గేటు ముందు కొబ్బరిబోండాల బండి, మిరపకాయ బజ్జీల బండి ఉన్నాయి. పార్కు అందం చెడుతోందని వాటిని తొలగించమని కొందరు అర్జీ పెట్టబోతే నేను సంతకం చేయలేదు. రాత్రి ఎనిమిది గంటలకు ఆ గేటు దగ్గర వెలుగుండేది బజ్జీల బండి బల్బు వల్లనే. బండి ఉంటే నలుగురు మనుషులుంటారు, మనుషులుంటే ఒంటరిగా నడిచే ఆడపిల్లకు ధైర్యం. 2014 నాటి వీధి విక్రేతల చట్టం వారికి చోటు గుర్తించి ఇవ్వాలంటోంది. నడక వెడల్పు విడిచి, పక్కన సున్నంతో గళ్లు గీసి వారికి ఇస్తే గొడవే ఉండదు.

మన ఊరికి ఈ పని చేతకాదని ఎవరైనా అంటే నేను నమ్మను. ఏటా మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగకు లక్షల మంది వస్తారు. ఆ నాలుగైదు రోజులూ నడిచేవారికి వేరుగా దారులు కడతారు, దీపాలు వెలిగిస్తారు, తాగునీళ్లు పెడతారు, మరుగుదొడ్లు పెట్టి శుభ్రం చేయిస్తారు. నడిచే మనిషికి ఏం కావాలో ఈ ఊరికి క్షుణ్ణంగా తెలుసు. మూలాపేట, రంగనాయకులపేట వంటి పాత పేటల్లో పార్కు అని పచ్చరంగు ఎవరూ పూయలేదు, అయినా గుడి ముంగిలి, పెన్న ఇసుక, చెరువు కట్ట నడక దూరంలోనే ఉండేవి. 1866లో మునిసిపాలిటీ, 2004లో కార్పొరేషను అయిన ఊరు, కొత్త కాలనీల దగ్గరకు వచ్చేసరికి ఆ తెలివిని ఎందుకు మరిచిందో ఆలోచించాలి.

ఊరి మధ్య నుంచి పారే సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ గట్ల మీద వీలున్నంత మేర నడకదారి వేస్తే విడివిడిగా పడి ఉన్న మూలముక్కలు కొన్నయినా ఒకదానితో ఒకటి కలుస్తాయి. గట్టు మీద బతుకుతున్న పేదలను తరిమి ఈ దారి వేయమని నేను కోరడం లేదు. ఖాళీగా ఉన్నచోటనే మొదలుపెట్టవచ్చు. వాగు పల్లంలో పడిన ఖాళీ స్థలాలను కూడా మట్టి పోసి ఎత్తు చేయనక్కరలేదు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు నీళ్లకు పోవడానికి చోటు లేకపోతే ఏమవుతుందో చూశాం. ఈశాన్య రుతుపవనాల కాలంలో పది రోజులు నీళ్లు నిలిచి, మిగతా ఏడాదంతా పిల్లలు ఆడుకునే పల్లపు మైదానం వల్ల నష్టం ఏమీ లేదు.

ప్రతి కాలనీలో లేఅవుట్ ఖాళీ స్థలం సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు వైపుల కొలతలు రాసిన బోర్డు ఆ స్థలంలోనే పాతాలి. ఆ జాబితాను వార్డు సచివాలయంలో గోడకు అంటించాలి. కొలతలు రాసి ఉంటే ఆక్రమణ మొదటి అడుగులోనే కనబడుతుంది. అన్నిటికంటే ముందు, ఏ పార్కుకు నిధులు మంజూరు చేసినా ఆ పార్కు గేటు నుంచి చుట్టూ అర కిలోమీటరు దాకా నడకదారిని కూడా అదే అంచనాలో చేర్చాలి. దారికి డబ్బు చాలకపోతే జింక బొమ్మలు మానుకుందాం.

నా దగ్గర పాత ప్రింట్లు కొన్ని మిగిలాయి. అమ్మోనియా వాసన పోయింది, పచ్చరంగు వెలిసింది, కొలతలు మాత్రం చదవగలిగేట్టే ఉన్నాయి. మా ప్రాంతంలో విడిచిన ఖాళీ స్థలాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించమంటే ఏ అధికారి వచ్చినా చూపిస్తాను. ఉదయం ఆరు గంటలకు రమ్మని మనవి, తొమ్మిదికి పార్కు తాళం పడుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాఫ్ట్స్‌మన్,
పొదలకూరు రోడ్డు ప్రాంతం, నెల్లూరు.